సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు: పాత కారులో పోయిన స్పార్కును పట్టుకునే పద్ధతి

తాళం తిప్పారు. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది. ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. ఇంకోసారి, ఇంకోసారి అనుకుంటూ పదిసార్లు కొట్టేసరికి బ్యాటరీ నీరసపడింది, పెట్రోలు వాసన గుప్పుమంది, పక్కన నిలబడ్డవాళ్ళు తలా ఒక సలహా చెప్పడం మొదలుపెట్టారు. "కాయిల్ పోయుంటుంది" అని ఒకరు, "ప్లగ్గులు మార్చి చూడు" అని ఇంకొకరు.

అలాంటి సలహాలు విని నేనొకసారి మూడు రోజులు పోగొట్టుకున్నాను. కొత్త కాయిల్, కొత్త ప్లగ్గులు, కొత్త కండెన్సర్ అన్నీ వేశాను. బండి ఉలకలేదు, పలకలేదు. చివరికి దోషం ఎక్కడుందంటే, డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును ఒక్కో ప్లగ్గుకూ పంచే గిన్నె) లోపల పాయింట్లకు (కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్) వెళ్ళే బెత్తెడు వైరులో. పై తొడుగు నిక్షేపంగా ఉంది, లోపల రాగి పోగులు తెగిపోయాయి. చూద్దామని వేలితో పట్టుకున్నప్పుడల్లా తెగిన కొసలు కలిసేవి, మీటరు అంతా బాగుందని చూపించేది. చెయ్యి తీస్తే మళ్ళీ మొదటికే.

అప్పట్నుంచి ముందు వస్తువులు మార్చడం మానేశాను. కరెంటు వెళ్ళే దారి పట్టుకుని, అది ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోందో చూస్తాను. ఆ పద్ధతే ఇది. పాయింట్లు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత పెట్రోలు కార్లన్నిటికీ పనికొస్తుంది.

ముందు దారి తెలియాలి

ఈ ఏర్పాటు వయసు వందేళ్ళు దాటింది. చార్లెస్ కెట్టరింగ్ దీన్ని 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్ల కోసం తయారుచేశాడు. 1973 మోడళ్ళతో క్రిస్లర్ తన అమెరికా కార్లన్నిటిలో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. మిగతావాళ్ళూ మెల్లగా అదే దారి పట్టారు. మధ్యలో కొన్ని దశాబ్దాలపాటు చాలా పెట్రోలు కార్లు కెట్టరింగ్ పద్ధతిలోనే నడిచాయి.

ఇందులో రెండు దారులుంటాయి. మొదటిది 12 వోల్టుల దారి: బ్యాటరీ, ఇగ్నిషన్ స్విచ్, కాయిల్‌లోని లావు చుట్టు, అక్కణ్ణుంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు, పాయింట్ల మీదుగా ఎర్త్, అంటే బ్యాటరీ రెండో కొసకు కలిసి ఉండే ఇంజిన్, బాడీ లోహం. పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత శక్తి పోగవుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే కామ్ మిట్ట వచ్చి పాయింట్లను విడదీయగానే ఆ కరెంటు తెగుతుంది. తెగిన ఆ క్షణంలోనే కాయిల్‌లోని సన్నచుట్టులో వేల వోల్టులు పుడతాయి. అవసరమైతే ఇరవై వేల దాకా. అక్కణ్ణుంచి రెండో దారి: కాయిల్ మధ్యలోని లావు వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని కింద తిరిగే రోటర్, ప్లగ్ వైరు, ప్లగ్.

చాలామంది తడబడేది ఇక్కడే. స్పార్క్ పుట్టేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఇంత చిన్న వస్తువు మీద ఇంత పని పడుతోంది కాబట్టే దోషాల్లో ఎక్కువ భాగం దాని చుట్టుపక్కలే దొరుకుతాయి.

చెయ్యి పెట్టే ముందు

గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్‌బ్రేక్ వేశారా చూసుకోండి. ఉంగరం, వాచీ తీసెయ్యండి. ఫ్యాను, బెల్టు దగ్గర వదులు చొక్కా చేతులు వేలాడకూడదు. పెట్రోలు వాసన ఘాటుగా ఉంటే బానెట్ ఎత్తి, అది పూర్తిగా పోయేదాకా ఆగండి. మనం కావాలని నిప్పురవ్వ పుట్టించబోతున్నాం, అక్కడ పెట్రోలు ఆవిరి ఉండకూడదు. లావు వైర్లను చేత్తో పట్టుకోవద్దు, రబ్బరు తొడుగున్న కటింగ్ ప్లేయరుతో పట్టుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ పని వేరేవాళ్ళకు అప్పగించడం మంచిది.

ఇంకో సంగతి. ఇంజిన్ ఆగివుండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసి కబుర్లలో పడకండి. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లో నాలుగు ఆంపియర్ల దాకా అలా పారుతూనే ఉంటుంది, కాయిల్ కాలిపోతుంది. ఒక్కో పరీక్ష అయిన వెంటనే తాళం తిప్పి ఆఫ్ చెయ్యండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు), ప్లగ్ స్పానర్, రెండు కొసలకూ క్లిప్పులున్న వైరు ముక్క, సన్న ఎమెరీ కాగితం, పనిచేస్తుందని తెలిసిన ఒక పాత ప్లగ్. మీటరు, టెస్ట్ ల్యాంప్ రెండింటిలో ఒకటే కొనగలిగితే టెస్ట్ ల్యాంపే కొనండి. మీటరు వోల్టేజీ చూపిస్తుంది కానీ దాని వెనక బలం ఉందో లేదో చెప్పదు. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరులో కూడా మీటరు 12 చూపిస్తుంది. బల్బు వెలగాలంటే నిజంగా కరెంటు పారాలి.

1. ఇది స్పార్క్ సమస్యేనా?

సెల్ఫ్ అసలు తిరగకపోయినా, టక్కుమని ఆగిపోయినా ఇగ్నిషన్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. అది బ్యాటరీ, కేబుళ్ళు, సెల్ఫ్ మోటార్ గొడవ.

సెల్ఫ్ బాగా తిరుగుతుంటే ఒక ప్లగ్ విప్పండి. కొస తడిగా ఉండి పెట్రోలు వాసన వేస్తే పెట్రోలు వస్తోంది, అంటించే రవ్వే లేదు, లేదా చోక్ ఎక్కువై మునిగిపోయింది. పొడిగా ఉంటే పెట్రోలు పంపు, కార్బురేటర్ వైపు చూడాలి. ఒక్క ప్లగ్గుతో తీర్పు చెప్పకుండా రెండు చూడండి.

2. బ్యాటరీ, ఎర్త్

నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. సెల్ఫ్ కొడుతుండగా కూడా కొలవండి. 9.5 కంటే కిందికి పడుతుంటే సెల్ఫ్ మోటారే అంతా తాగేసి కాయిల్‌కు ఏమీ మిగల్చట్లేదు. ఇలాంటి బండికి ఒక గుర్తుంది: సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అందుకోదు, తాళం వదిలిన క్షణంలో ఒక్కసారి దగ్గుతుంది. సెల్ఫ్ ఆగగానే వోల్టేజీ లేచి, ఇంజిన్ ఇంకా తిరుగుతున్న ఆ కాస్త ఊపులో ఒక్క మంచి స్పార్క్ పడుతుందన్నమాట. ముందు బ్యాటరీ చార్జ్ చెయ్యండి. ఇక్కడి అంకెలన్నీ 12 వోల్టుల కార్లవి, మీది 6 వోల్టుల కారైతే వోల్టులను సగం చేసుకోండి.

ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఒక ఎర్త్ పట్టీ ఉంటుంది. అది తుప్పుపట్టినా, ఏదో పని చేసినప్పుడు విప్పి మళ్ళీ బిగించడం మర్చిపోయినా సెల్ఫ్ కరెంటు తిరిగి వెళ్ళడానికి దొరికిన దారి వెతుక్కుంటుంది. ఆ దారి చాలాసార్లు చోక్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో అవుతుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ వేడిగా తగిలితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. మీటరుతో తేల్చుకోవాలంటే ఒక కొస బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు.

మీ కారు పాజిటివ్ ఎర్తో, నెగటివ్ ఎర్తో కూడా ఇప్పుడే చూసుకోండి. 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివే బాడీకి బిగిస్తారు. ఇకపై నెగటివ్ ఎర్త్ అనుకునే చెప్తున్నాను. మీది పాజిటివ్ ఎర్త్ అయితే మీటరు కొసలు తారుమారు చేసుకోండి, బ్యాటరీ ప్లస్ అన్నచోట మైనస్ అని చదువుకోండి.

3. దారిని సగానికి నరకండి

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలోంచి కాయిల్ లావు వైరు పీకండి. దాని కొసను ప్లేయరుతో పట్టుకుని ఇంజిన్ బ్లాక్‌కు 6 మి.మీ. దూరంలో ఉంచి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. ప్లగ్ విప్పిన రంధ్రాలుంటే ముందు మూసెయ్యండి, లేదా ఆ పక్కకే పోవద్దు.

నీలంగా, లావుగా, టక్ టక్‌మని శబ్దం చేస్తూ స్పార్క్ దూకితే 12 వోల్టుల దారంతా బాగున్నట్టు, కాయిల్ కూడా బాగున్నట్టే. నేరుగా 8వ అంచెకు వెళ్ళండి. స్పార్క్ అసలు లేకపోతే, లేదా పసుపుపచ్చగా సన్న దారంలా వస్తే తప్పు కాయిల్‌కు ఇవతలో, కాయిల్‌లోనో ఉంది. కిందికి చదవండి.

ప్లగ్‌ను బయటపెట్టి స్పార్క్ చూసి "బానే వస్తోంది" అని సరిపెట్టుకోవద్దు. బయటి గాలిలో అర మిల్లీమీటరు సందు దాటడం తేలిక. సిలిండర్ లోపల గాలి ఒత్తుకుని ఉంటుంది, అదే సందు దాటడానికి చాలా రెట్లు ఎక్కువ వోల్టేజీ కావాలి. నీరసపడ్డ స్పార్క్ బయట వెలుగుతుంది, లోపల చస్తుంది. 6 మి.మీ. దూకాలనడం అందుకే.

4. సగం రోగం చెప్పే టెర్మినల్

కాయిల్ మీద రెండు సన్న టెర్మినళ్ళుంటాయి. ఒకటి స్విచ్ నుంచి వచ్చేది, రెండోది డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళేది. పాత బ్రిటిష్ కాయిళ్ళ మీద వీటిని ఎస్‌డబ్ల్యూ, సీబీ అని రాస్తారు, తర్వాతివాటి మీద ప్లస్, మైనస్. మనకు కావలసింది డిస్ట్రిబ్యూటర్ వైపుది.

మీటరు ఎర్ర కొస దాని మీద, నల్ల కొస ఇంజిన్ మీద పెట్టండి. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పించండి. ప్లగ్గులు విప్పేస్తే తేలిగ్గా తిరుగుతుంది. పాయింట్లు మూసుకున్నప్పుడు మీటరు దాదాపు సున్నా చూపాలి, తెరుచుకున్నప్పుడు 12 చూపాలి. సున్నా, పన్నెండు, సున్నా, పన్నెండు. ఇలా ఊగితే పాయింట్లు పని చేస్తున్నాయి. మీటరు లేకపోతే టెస్ట్ ల్యాంప్ అక్కడే పెట్టండి, ఆరుతూ వెలుగుతూ ఉండాలి. డ్యాష్‌బోర్డులో ఆమ్మీటరున్న కార్లకు ఈ శ్రమ కూడా ఉండదు, ఇంజిన్ తిప్పుతుంటే దాని ముల్లే కొట్టుకుంటుంది.

ఎప్పుడూ 12 చూపిస్తుంటే కరెంటు కాయిల్ దాటి వచ్చింది కానీ ఎర్త్‌కు చేరట్లేదు. పాయింట్లు మూసుకోవట్లేదు, లేదా మూసుకున్నా మధ్యలో మురికి పొర ఉంది, లేదా నా బండిలోలాగా వైరు తెగింది. 6వ అంచె చూడండి.

ఎప్పుడూ సున్నాయే అయితే రెండు అర్థాలున్నాయి. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే సన్న వైరును కాయిల్ దగ్గర విప్పి, అదే టెర్మినల్ మీద మళ్ళీ కొలవండి. ఇప్పుడు 12 వస్తే డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో ఎప్పుడూ ఎర్త్ అవుతోంది. అప్పటికీ సున్నాయే అయితే కరెంటు కాయిల్ దాటి రావట్లేదు. అవతలి టెర్మినల్‌లో చూడండి. అక్కడ 12 ఉంటే కాయిల్ లోపల చుట్టు తెగింది. అక్కడా లేకపోతే 5వ అంచె.

నడుమ ఎక్కడో, ఒక వోల్టు దగ్గర ఆగితే? పాయింట్లు మూసుకున్నప్పుడు 0.2 వోల్టు మించకూడదు. మించితే పాయింట్లు మురికి పట్టాయి, లేదా డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు బిగించిన పళ్ళెం ఎర్త్ సరిగా లేదు.

5. కాయిల్‌కు కరెంటే రాకపోతే

క్లిప్పుల వైరుతో బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ స్విచ్ వైపు టెర్మినల్‌కు నేరుగా కలిపి సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ అందుకుంటే ఇగ్నిషన్ స్విచ్‌లోనో, దాని వైర్లలోనో దోషం. ఇలా కలిపితే తాళం తీసినా ఇంజిన్ ఆగదు, ఆపడానికి క్లిప్పు పీకాలి. చాలా పాత కార్లలో ఈ దారికి ఫ్యూజు ఉండదు. అందుకని క్లిప్పు బాడీకి తగలకుండా చూసుకోండి.

కొన్ని కార్లలో స్విచ్‌కూ కాయిల్‌కూ మధ్య వోల్టేజీ తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్ ఉంటుంది. పింగాణీ దిమ్మలాగానో, ఒక్కోసారి మామూలు వైరులాగే కనిపించే రెసిస్టెన్స్ వైరులాగానో. నడుస్తున్నప్పుడు కాయిల్‌కు 7 నుంచి 9 వోల్టులే ఇచ్చి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం పక్కదారిలో పూర్తి వోల్టేజీ ఇస్తుంది. అందుకే ఇది పోయిన బండి భలే చిత్రంగా ప్రవర్తిస్తుంది: సెల్ఫ్ కొడుతుండగా అందుకుంటుంది, తాళం వదలగానే ఠక్కున ఆగిపోతుంది. అలాంటి కార్లలో పై పరీక్షకు ఒకటి రెండు నిమిషాలు మించి ఇవ్వకండి, కాయిల్ వేడెక్కిపోతుంది.

6. పాయింట్లు

ఎక్కువసేపు కూర్చోవలసింది ఇక్కడ. క్యాప్ క్లిప్పులు ఊడదీసి, రోటర్ పైకి లాగి పక్కన పెట్టండి.

నెలల తరబడి కదలని బండిలో పాయింట్ల మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర పడుతుంది. చూస్తే శుభ్రంగానే ఉంటాయి, కరెంటు మాత్రం దాటదు. పాయింట్లు మూసి ఉండగా మధ్యలో గట్టి తెల్ల కాగితం ముక్క పెట్టి లాగండి. ఒక బూడిదరంగు గీత పడుతుంది. రెండు మూడుసార్లు లాగితే గీత పడటం ఆగుతుంది. చాలా బళ్ళు ఈ కాగితం ముక్కతోనే లేస్తాయి. కొత్త పాయింట్ల మీద కూడా తుప్పు పట్టకుండా పల్చటి నూనె పూసి ఉంటుంది. దాన్ని తుడవకుండా బిగించి, "కొత్తవి వేసినా స్టార్ట్ అవ్వట్లేదు" అనేవాళ్ళను చాలామందిని చూశాను. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి బిగించండి.

ఒకవైపు గుంట, రెండోవైపు దానికి సరిపోయే మొటిమ కనిపిస్తే లోహం ఒకవైపు నుంచి ఇంకోవైపుకు వలస పోయిందన్నమాట. కొద్దిగా ఉంటే ఎమెరీతో సాపు చేసి ఇంటికి చేరొచ్చు. ఎక్కువుంటే మార్చెయ్యండి, కండెన్సర్ మీద కూడా అనుమానం పెట్టుకోండి.

తర్వాత గ్యాప్. పాయింట్లను తెరిచే ఫైబర్ మడమ కామ్ శిఖరం మీదకు వచ్చేదాకా ఇంజిన్ తిప్పండి. కొద్దిగా అటూ ఇటూ అయినా కొలత తప్పే. ఫీలర్ గేజ్ బ్లేడు సన్నగా రాసుకుంటూ వెళ్ళాలి, పాయింటును నెట్టకూడదు. పాత బ్రిటిష్ కార్లలో ఉండే లూకస్ 25డి డిస్ట్రిబ్యూటర్‌కు 0.35 నుంచి 0.40 మి.మీ., ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు 0.4 మి.మీ. మీ కారు పుస్తకంలో ఉన్న అంకే చివరి మాట. స్క్రూ బిగించాక మళ్ళీ కొలవండి, బిగింపులో గ్యాప్ జరగడం మామూలే. మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతూ పోయి ఒకరోజు పాయింట్లు విడిపోవడమే మానేస్తాయి. కామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు పూస్తే అది నిదానిస్తుంది. ఎక్కువ పూస్తే చిమ్మి పాయింట్ల మీదే పడుతుంది.

ఎప్పుడూ ఎర్త్ అవుతోందని 4లో తేలిందా? అయితే పాయింట్లు బిగించిన చిన్న స్టడ్ దగ్గర వాషర్లు చూడండి. కండెన్సర్ వైరు, కాయిల్ వైరు, పాయింట్ల స్ప్రింగు, ఈ మూడూ ఒకదానికొకటి తగలాలి, కానీ స్టడ్‌కు గానీ పళ్ళేనికి గానీ తగలకూడదు. వాటి మధ్య ఫైబర్ వాషరో, ప్లాస్టిక్ బుష్షో ఉంటుంది. విప్పేటప్పుడు అది జారిపోయినా, వరుస తప్పి బిగించినా బండి చచ్చిన శవమే. మీరే నిన్న పాయింట్లు మార్చి ఇవాళ బండి లేవట్లేదంటే మొదట చూడవలసింది ఈ వాషరే. విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి.

ఇక నా మూడు రోజులు మింగిన వైరు. మీటరును కాయిల్ టెర్మినల్ మీద క్లిప్పుతో తగిలించి, పాయింట్లు మూసి ఉంచి, ఆ వైరును అగ్గిపుల్లతో అటూ ఇటూ నెట్టండి. వేలితో వద్దు. ఎక్కడైనా సున్నా నుంచి 12కి ఎగిరితే అక్కడ తెగింది. వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పును బట్టి స్పార్క్ వేళను ముందుకు జరిపే ఏర్పాటు) పళ్ళాన్ని కదిపినప్పుడల్లా ఈ వైరు వంగుతుంది, ఏళ్ళ తరబడి వంగి వంగి లోపల తెగుతుంది. పళ్ళెం నుంచి డిస్ట్రిబ్యూటర్ గిన్నెకు ఉండే ఎర్త్ వైరు గతీ అంతే. మార్చేటప్పుడు మామూలు గట్టి వైరు వెయ్యకండి, సన్న పోగులెక్కువున్న మెత్తటి వైరు కావాలి.

7. కండెన్సర్, కాయిల్

పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు ఆ సందులోంచి దూకకుండా పట్టుకుని, కాయిల్‌లో కరెంటు ఠక్కున తెగేలా చేసేది కండెన్సర్. దాని సామర్థ్యం సాధారణంగా 0.2 మైక్రోఫారడ్ దగ్గర. మామూలు మీటరుతో దీన్ని నమ్మకంగా పరీక్షించలేం. చీకట్లో క్యాప్ తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ప్లాస్టిక్ పుల్లతో పాయింట్లు విడదీసి చూడండి. చిన్న చుక్కలాంటి మెరుపు మామూలే. లావుగా, భగ్గుమన్నట్టు మెరిస్తే కండెన్సర్ పోయింది. తేల్చుకోవడానికి ఇంకో కండెన్సర్ తెచ్చి, దాని వైరు కాయిల్ డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు, ఒళ్ళు ఎర్త్‌కు క్లిప్పుతో తగిలిస్తే చాలు. లోపల బిగించక్కర్లేదు. పాతది లోపలే షార్ట్ అయ్యుంటే మాత్రం దాని వైరు ముందు విప్పాలి.

ఇదే స్థితిలో కాయిల్‌ను కూడా చూడొచ్చు. లావు వైరు కొస బ్లాక్‌కు 6 మి.మీ. దూరంలో పట్టుకుని, పాయింట్లను పుల్లతో విడదీసిన ప్రతిసారీ స్పార్క్ దూకాలి. పుల్ల కట్టెదో ప్లాస్టిక్‌దో అయ్యుండాలి. పాయింట్లు విడిపోయినప్పుడు అక్కడ కూడా రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి, స్క్రూడ్రైవరైతే చెయ్యి జిల్లుమంటుంది.

పాయింట్లు, కండెన్సర్, కరెంటు అన్నీ బాగుండి స్పార్క్ లేదంటే కాయిల్‌నే అనుమానించాలి. వైర్లన్నీ విప్పి కొలవండి. సన్న టెర్మినళ్ళ మధ్య, బల్లాస్ట్ లేని కాయిల్‌కు 3 నుంచి 4 ఓంలు, బల్లాస్ట్‌తో వాడేదానికి దాదాపు 1.5 ఓంలు. సన్న టెర్మినల్‌కూ మధ్య గొట్టానికీ మధ్య కొన్ని వేల ఓంలు, సాధారణంగా 5 నుంచి 12 వేల మధ్య. అంకెలు సరిగ్గా ఉన్నంత మాత్రాన కాయిల్ బాగున్నట్టు కాదు. చుట్ల మధ్య ఇన్సులేషన్ వేడికి, వోల్టేజీకి విరుగుతుంది, మీటరులోని చిన్న బ్యాటరీకి అది దొరకదు. అంకెలు తప్పైతే మాత్రం కచ్చితంగా పోయినట్టే.

పాజిటివ్ ఎర్త్ నుంచి నెగటివ్ ఎర్త్‌కు మార్చిన కార్లలో కాయిల్ వైర్లు తారుమారు చెయ్యడం మర్చిపోతారు. స్పార్క్ వస్తుంది, కానీ నీరసంగా. ప్లగ్ మధ్య కొస నెగటివ్‌గా ఉంటేనే స్పార్క్ తేలిగ్గా దూకుతుంది. నెగటివ్ ఎర్త్ కారులో కాయిల్ మైనస్ డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళాలి.

8. రోటర్, క్యాప్, వైర్లు, ప్లగ్గులు

కాయిల్ లావు వైరులో మంచి స్పార్క్ ఉంది, ప్లగ్గులకు చేరట్లేదు. మొదటి ముద్దాయి రోటర్. ప్లాస్టిక్ పగిలి, లేదా లోపలి రివెట్ దారిన వేల వోల్టులు షాఫ్ట్‌లోకి ఎర్త్ అయిపోతాయి. పైకి ఏమీ కనబడదు. పరీక్ష సులువు: రోటర్ స్థానంలోనే ఉంచి, క్యాప్ తీసి, కాయిల్ లావు వైరు కొసను రోటర్ మీది ఇత్తడి రేకుకు 5 మి.మీ. పైన పట్టుకుని పాయింట్లు విడదీయండి. స్పార్క్ రోటర్‌లోకి దూకకూడదు. దూకిందంటే అది లోపల్నుంచి ఎర్త్‌కు పోతోంది, రోటర్ పారెయ్యండి. కొత్తగా కొన్నదాన్ని కూడా ఈ పరీక్షకు పెట్టకుండా నమ్మకండి. కొత్త రోటర్ అరగంటలో పోయిన బండిని నా కళ్ళతో చూశాను.

క్యాప్ లోపల నడిమధ్య ఒక చిన్న కార్బన్ బొడిపె ఉంటుంది, స్ప్రింగు మీద ఆడుతుంది. అది విరిగిపోయిందా, లోపలికి ఇరుక్కుపోయిందా వేలితో నొక్కి చూడండి. ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు పెన్సిల్‌తో గీసినట్టు నల్ల గీత ఉంటే అది కార్బన్ ట్రాక్. గీకినా పోదు, క్యాప్ మార్చాలి. వానలో తడిసి ఆగిన బండికైతే క్యాప్ లోపలా బయటా పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు అదే మందు. తేమ తరిమే స్ప్రే కొడితే అది ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి, అది మండే పదార్థం. రాత్రిపూట దీపాలార్పి సెల్ఫ్ కొట్టిస్తే వైర్ల మీద, క్యాప్ మీద స్పార్క్ కారిపోయే చోట్లు నీలంగా మిణుకుమంటాయి.

వైర్లు రాగివైతే ఓంలు సున్నాకు దగ్గరగా ఉండాలి. కార్బన్ పోగువైతే పొడవును బట్టి కొన్ని వేలు. ఒక్క వైరు మిగతావాటికంటే మరీ ఎక్కువ చూపితే దాన్ని మార్చండి. ప్లగ్గులు తడిసి ఉంటే ఆరబెట్టండి, చాలా పాత కార్లకు గ్యాప్ 0.6 మి.మీ. పైచిలుకు.

9. స్పార్క్ ఉంది, అయినా అందుకోవట్లేదు

వేళ తప్పిన స్పార్క్ ఉన్నా లేనట్టే. కార్బురేటర్‌లోంచి ఫట్‌మని పేలుతుంటే, సైలెన్సర్‌లో బాంబులు పేలుతుంటే వైర్ల వరుస చూడండి. చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్ల వరుస 1-3-4-2. కానీ ఫోర్డ్ క్రాస్‌ఫ్లోది 1-2-4-3, బీటిల్‌ది 1-4-3-2. వరుస తెలిస్తే చాలదు, రోటర్ ఏ వైపు తిరుగుతుందో కూడా తెలియాలి. పాత మినీలో గడియారానికి ఎదురుగా తిరుగుతుంది, బీటిల్‌లో గడియారం వైపే.

డిస్ట్రిబ్యూటర్ విప్పి పెట్టి ఉంటే సగం చుట్టు తేడాతో కూర్చుని ఉండొచ్చు. ఒకటో సిలిండర్ ప్లగ్ తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజిన్ చేత్తో తిప్పించండి. గాలి వేలిని తోస్తుంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వస్తోంది. పుల్లీ మీది గుర్తును పుస్తకంలో చెప్పిన డిగ్రీల దగ్గర ఆపండి. ఇప్పుడు రోటర్ ఒకటో నంబరు వైరు వైపు చూడాలి. ఎదురుగా ఉన్న వైరు వైపు చూస్తుంటే సగం చుట్టు తేడా ఉన్నట్టే.

అక్కడే టైమింగ్, అంటే స్పార్క్ పడే వేళ కూడా పెట్టెయ్యండి. టెస్ట్ ల్యాంప్‌ను కాయిల్ డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య తగిలించి ఇగ్నిషన్ ఆన్ చెయ్యండి. డిస్ట్రిబ్యూటర్ క్లాంప్ వదులుచేసి, గిన్నెను రోటర్ తిరిగే వైపు కొద్దిగా తిప్పితే ల్యాంప్ ఆరుతుంది. తర్వాత ఎదురువైపు మెల్లగా తిప్పుతూ రండి. ల్యాంప్ వెలిగిన ఆ క్షణంలో ఆపి బిగించండి. పాయింట్ల గ్యాప్ మారిస్తే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి గ్యాప్ ఎప్పుడూ ముందు, టైమింగ్ తర్వాత.

వేడెక్కితే ఆగి, చల్లబడితే లేచే బండి

పొద్దున్నే ఒక్క దెబ్బకు లేస్తుంది. ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. కాయిల్, కండెన్సర్ రెండూ ఇలా చేయగలవు. పెట్రోలు ఆవిరై పైపులో అడ్డుపడినా ఇదే లక్షణం, కాబట్టి తొందరపడి కాయిల్ కొనకండి. ఆగిన నిమిషంలోనే, చల్లబడకముందే బానెట్ ఎత్తి 3వ అంచెలోని 6 మి.మీ. పరీక్ష చెయ్యండి. స్పార్క్ దిట్టంగా ఉంటే పెట్రోలు వైపు వెళ్ళండి. లేకపోతే 4వ అంచె మీటరు పరీక్ష కూడా అప్పుడే, ఆ వేడిలోనే చెయ్యాలి.

పాయింట్ల చోట ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటే

పాత క్యాప్ కింద ఎవరో ముందటి యజమాని పాయింట్ల పని చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టి ఉండొచ్చు. డిస్ట్రిబ్యూటర్‌లోంచి ఒకటికి బదులు రెండు వైర్లు బయటికొస్తుంటే అనుమానించండి. దీనికి పుల్లతో విడదీసే పరీక్షలు పనికిరావు. లావు వైరును గాల్లో వదిలేసి సెల్ఫ్ కొట్టకూడదు, ఇగ్నిషన్ ఆన్‌లో వదిలెయ్యకూడదు, ఈ రెండూ మాడ్యూల్‌ను తినేస్తాయి. బ్యాటరీ నీరసంగా ఉంటే కొన్ని మాడ్యూళ్ళు సెల్ఫ్ కొట్టేటప్పుడు అసలు మేలుకోవు. టెస్ట్ ల్యాంప్ మాత్రం 4వ అంచెలోలాగే పెట్టొచ్చు, సెల్ఫ్ కొడుతుంటే మిణుకుమనాలి. దానికి 12 వోల్టులు, మంచి ఎర్త్ ఉండి కూడా మిణుకుమనకపోతే పాత పాయింట్లు, కండెన్సర్ మళ్ళీ బిగించండి, ముప్పావుగంట పని. నేను విప్పిన పాయింట్ల సెట్టు ఒకటి, పనిచేసే కండెన్సర్ ఒకటి, గ్యాప్ అంకె రాసిన చీటీతో సహా చిన్న డబ్బాలో పెట్టి స్పేర్ టైరు కింద ఉంచాను. కొత్తవి కాదు. ఈ ఇంజిన్‌లోనే నడిచి, పనిచేస్తాయని తేలినవి.